పచ్చాకు

"నా నీడలాగా ఉండు" అంది సలోమి సిస్టర్.
"నీడ మాట్లాడదు. నీడ ముందు నడవదు.
నీడ మెడలో చున్నీ ఉండదు."
చున్నీ మడిచి, పిన్నులు పొట్లం కట్టి
రిజిస్టర్ పక్కన పెట్టి లోపలికి నడిచాను.

ఒంగోలు పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, చిట్టచివరి తలుపు.
బయట రోహిణి ఎండ. లోపల ఫ్యానుకి కూడా ఇనప బోను.
తాళంచెవి రెండుసార్లు తిరిగిన చప్పుడు
నా కడుపులో తిరిగింది.

చెంచాలు లెక్కపెట్టటం నేర్చుకున్నాను ముందు.
పంచేటప్పుడు పద్నాలుగు, తిన్నాక పద్నాలుగు.
ఆవేళ పదమూడే వచ్చాయి.
సిస్టర్ కేకెయ్యలేదు.
మంచాల మధ్య తీరిగ్గా తిరుగుతూ
దీనమ్మ మనవరాలి సంబంధం ఏమైందని అడుగుతూ
ఒక దిండు కింద నుంచి ఆ చెంచాని
మల్లెపువ్వు తీసినట్టు తీసి జేబులో వేసుకుంది.
నోట్సులో దీన్ని ఏ పేరుతో రాయాలో తెలియలేదు.

ఈ వార్డులో ఒక మాట అనకూడదు.
మేడమ్ మొదటి రోజే చెప్పింది.
బజార్లో అందరూ అనే మాట,
మా అమ్మ నన్ను రోజుకి నాలుగుసార్లు
కోపానికీ ముద్దుకీ కూడా అనే మాట.
"నా చెవిన పడిందంటే రోజంతా బయటే నిలబెడతా."

మందుల బండి తోస్తూ పేర్లు పిలిచే వంతు నాకొచ్చింది.
పిలవాలి, పలికితే బిళ్ల ఇవ్వాలి, నాలుక ఎత్తించి చూడాలి.
ఖాశింబీ పలికింది. దీనమ్మ పలికింది.
తొమ్మిదో పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది.
కాగితం మీద ఆ మాటే,
వెనకాల అమ్మని తగిలించుకుని.

"తొమ్మిదో బెడ్డూ..." అన్నాను.
ఎవరూ పలకలేదు.
"తొమ్మిదో బెడ్ అమ్మగారూ..."

కిటికీ పక్కన ఒకామె, ఒళ్లో లేని ఆకులు పోసుకుని
ఈనె మీద బొటనవేలు రాసి
ఎడమకి ఒకటి, కుడికి ఒకటి, కాళ్ల కిందికి ఒకటి వేస్తోంది.
కొండపి దగ్గరి పల్లెలో
ముప్పయ్యేళ్లు పొగాకు గ్రేడింగ్ చేసిన చేతులు.
తలెత్తకుండానే అంది:
"బిళ్ల మంచానికేస్తావా, నాకేస్తావా?"

నా భుజం వెనక నుంచి సిస్టర్
రేషన్ షాపులో పిలిచినంత మామూలుగా
"పిచ్చమ్మగారూ" అంది.

"ఆఁ" అంది ఆమె.

అంతే. ఏమీ పగల్లేదు.

"నాకు ముందు ముగ్గురు పుట్టి పోయారంట.
ఈ పేరు పెడితే చావు కూడా చీదరించుకుని పోయిద్దని
మా నాయనమ్మ పెట్టింది. పోయింది చూడు,
అరవై రెండేళ్లాయె.
దాన్ని నోట్లో నానబెట్టబాకు. గట్టిగా పిలువు."

బిళ్ల మింగి, నాలుక చూపించి,
నా అరచెయ్యి లాక్కుని వెలుతురుకి పట్టింది.
మధ్య గీత మీద బొటనవేలు రాసింది.
తుంచుతుందేమోనని వేళ్లు ముడిచాను.
"పచ్చాకు" అంది.
"ఇంకా బ్యారన్ ఎక్కలా. మంట తగలాల.
తొందరపడి దించితే మచ్చ పడిద్ది, వేలంలో ఎవుడూ కొనడు."
నన్ను ఎడమ కుప్పలో వేసి
ఇంకో ఆకు అందుకుంది.

సంభాషణ పుస్తకంలో మూడు గళ్లు.
రోగి అన్నది రాశాను.
విద్యార్థిని అన్నది ఏమీ లేదు.
విశ్లేషణ గడిలో "భ్రమ" అని రాసి
కాసేపు అరచెయ్యి చూసుకుని కొట్టేశాను.
మేడమ్ రెండు మార్కులు తీసేసింది.

పిన్నులు లెక్కపెట్టి తీసుకున్నాను. ఆరు.
చీమకుర్తి బస్సులో పక్కసీటామె యూనిఫాం చూసి
ఏ వార్డని అడిగింది. చెప్పాను.
కొంగు తన వైపు లాక్కుంది.
"ఆడపిల్లవి, భయం లేదంటమ్మా, ఆ పిచ్చ..."

"పిచ్చమ్మగారా?" అన్నాను,
ముందు సీట్ల వాళ్లు వెనక్కి తిరిగేంత గట్టిగా.
"బాగున్నారు.
ఇవాళ అన్నం తిన్నారు."