చాసిస్ నంబరు

ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు మీద నా గది.
కింద నాగూర్‌వలీ
ఇరవయ్యేళ్ల లారీకి కొత్త తొట్టి కడుతుంటాడు.
పైన నేను, ఇంచుమించు అంతే వయసున్న ఫ్రేమ్‌వర్క్‌లో
ఒక పాత ఫంక్షన్ తీసేయాలా వద్దా అని
మూడు రాత్రులుగా.

"నడుస్తోందిగా, ఎందుకు కెలకడం" అని సగం మంది,
"కదలకపోతే తుప్పే" అని మిగతా సగం.
జీతం మాత్రం ఎవరూ ఇవ్వరు.

దాన్ని రాసినవాడెవడో
పక్కనే ఒక్క మాట పెట్టి పోయాడు: తాత్కాలికం.
పన్నెండేళ్లయింది.

మొన్న గుంటూరు యార్డు నుంచి ఫోన్,
కమీషన్ కొట్టు గుమాస్తా, గొంతు నిండా మిరప ఘాటు:
"మీ కొత్తది ఎక్కించాక
నూటపది టిక్కీలు లెక్కలో లేవు సార్,
రైతు ఎదురుగా కూర్చున్నాడు."

టీకి దిగి అడిగాను, చాసిస్ కూడా మార్చొచ్చుగా అని.
వలీ ముసుగు ఎత్తాడు.
"నంబరు దాని మీదే కొట్టుంటది. మారిస్తే వేరే బండి.
కమాను పట్టీలంటావా, అరిగినప్పుడల్లా వెయ్యాల్సిందే."
పీకిన పాత చెక్కని పొయ్యిలోకి తోసేముందు
దాని కొలత సుద్దతో గోడ మీద రాసుకున్నాడు.

పైకొచ్చి
ఫంక్షన్ తీయలేదు. ఉంచాననీ అనలేను.
తాత్కాలికం పక్కన ఒక తేదీ వేసి
గుమాస్తాకి ఫోన్ కలిపాను.
అవతల కాటా కేకలు.
"రైతు వెళ్లాడా?"
"లేదు సార్."