ఏ టేపు ముందు వినాలంటే

మునిశేఖరా, ముందు నీలం డబ్బాలోది విను.
దీంట్లో వాయించేవాడి కుర్చీ కిర్రుమంటుంది.
రెండో పాట మధ్యలో ఎవరో గిన్నె మూత పడేస్తారు,
వాడు ఆపడు.
అట్ట మీద సిస్టర్ ఫిడెల్మా రాత, వంకర తెలుగులో:
"మా పెదనాయన వంటిల్లు. బయట వాన."
అంతే. పేరు లేదు, సంవత్సరం లేదు.

ముప్పై ఒక్కేళ్లు ఈ చిత్తూరులో ఎక్స్‌రే తీసినోణ్ణి.
నా బతుకంతా మూడే మాటలు:
పీల్చు. బిగబట్టు. వదులు.
గుడిపాల గానుగ పొయ్యిల కాడ పొగ మింగినోళ్లు,
పల్ప్ ఫ్యాక్టరీలో టెంకల కుప్పల మధ్య దగ్గే ఆడోళ్లు,
అందరి పక్కటెముకలూ చూసినా.
ఒక్కరి ఊపిరీ వినలేదు.
నడాన సీసపు తలుపు.

సిస్టరే వినిపించింది.
రాత్రి డ్యూటీ, ఫిల్ములు ఆరేసిన చీకటి గది,
ఎర్ర బల్బు కింద అరచేయంత టేప్ రికార్డరు.
"ఇక్కడ విను, దేవసహాయం, ఇక్కడ" అని వేలెత్తింది.
నాకేమీ వినపడలా.
"అదే" అనింది.

స్వరం ఉండాల్సిన చోట స్వరం లేదు, అబ్బయా.
ఊపిరి కోసం ఒకదాన్ని వదిలేసినాడు వాడు.
మళ్లీ చుట్టు తిరిగొచ్చినప్పుడు
ఆ స్వరం ఉండాది, ఇంకోటి లేదు.
మీ తాత బుగ్గల్లో గాలి దాచేవాడు,
యాడ పీల్చినాడో పక్కనుండే డోలుకి కూడా తెలీదు.
ఈ నల్లకర్ర పిల్లనగ్రోవి వాళ్లు దాచరు.
కన్నం కనపడనీ అంటారు,
పందిరికి సందు వదిలినట్టు.

తర్వాత గోధుమరంగుది.
ఇద్దరు ముసలోళ్లు, ఒక ఫిడేలు, బండల నేల.
డోలు లేదు. మడమలే డోలు.
తకిట తకిట అని నీ చెయ్యి తొడ మీదికి పోతుంది,
పోనీ. కానీ లెక్క పెట్టొద్దు,
మూడో చుట్టుకి వాళ్లు నిన్ను దాటేసి
ఇంకో పాటలోకి దిగిపోయుంటారు,
గేటు కాడ బస్సు మారినట్టు.

బంగారు అక్షరాల కంపెనీ టేపు ఉండాది చూడు,
అది ఆఖర్న. లేకుంటే మానెయ్.
బాగానే వాయించినాడు పాపం,
ఎవరో కత్తెర పట్టుకోని ఊపిరులన్నీ ఏరేసినారు.
చింతగింజలు ఒలిచిన మాదిరి నున్నగా ఉంటుంది.

ఇంకోటి. అట్ట లేనిది.
దీన్ని ఒకే రోజు రెండుసార్లు వినొద్దు.
ఒకే పాట, తాళం లేదు, నిదానం.
తొమ్మిదో ఊపిరి కాడ చిన్న గరగర.
టేపు నలిగిందనుకున్నా మొదట.
పదోది. పదకొండోది.
నేనే అన్నా సిస్టర్‌తో, ఆగలేక:
ఎడమ వైపు, అడుగున, నిమ్మకాయంత.
ఆమె బల్బు ఆపేసింది.
చానాసేపటికి చెప్పింది, తమ్ముడంట.
వాళ్లూర్లో ఆలస్యంగా చూసినారంట.

నీ ఫిల్ము నేనే తీసినా.
నీది శనగగింజంత. ఆరు నెలల మాత్రలు.
డాక్టరు ఆరు నెలలు నాదస్వరం ముట్టొద్దన్నప్పుడు
నువ్వు నేలచూపు చూసినావే,
అందుకే ఈ నాలుగూ తెచ్చినా.
కట్టమంచి పెళ్లికి మీ మామ వేరే మనిషిని పెట్టుకోనీ.
ఊదకుండా ఉండటం కూడా
పాటలో ఒక చోటే అనుకో.
అనుకోలేకపోతే తిట్టుకో నన్ను, పర్లేదు.

టేపు చిక్కుకుంటే లాగొద్దు, పెన్సిలుతో తిప్పు.
ప్లేయరు మూత సరిగా పడదు,
అగ్గిపుల్ల ఒకటి ఇరికించు.
నీలందే ముందు. మరిచిపోవద్దు.
గిన్నె మూత పడ్డాక
ఎవరో నవ్వు ఆపుకుంటారు, వాన్లో.