ఉప్పు నాకే గొర్రె

రియో క్లారో దగ్గర సున్నపురాయి గనిలో
బెల్టు మీద రాళ్ళు పోతుంటాయి.
చూస్తూ కూర్చోవడమే జురేమా పని.
ఇనుపముక్క వస్తే, చెట్టువేరు వస్తే
ఎర్ర మీట నొక్కాలి.
రాయి వస్తే నొక్కకూడదు.
రాయి కోసమే కదా గని.

ఆ బుధవారం రాయే వచ్చింది.
పలక. వానకి తడిసిన నల్లపలక.
దాని మీద ఎవరో దువ్వెన మరిచిపోయినట్టు
పక్కటెముకలు.
ఆమె మీట నొక్కింది.

పదకొండు నిమిషాలు ఆగింది మిషను.
మేస్త్రీ వాల్డెసిర్ పరిగెత్తుకొచ్చి తిట్టాడు,
తర్వాత వంగి చూశాడు,
తర్వాత టోపీ తీశాడు,
తర్వాత మళ్ళీ తిట్టాడు.

దాని పేరు మీసోసారస్.
మీసాలేమీ లేవు. రెండు మూరల ఒళ్ళు,
నోటినిండా కుట్టుసూదులు,
తెడ్డులాంటి తోక.
ఇరవై ఎనిమిది కోట్ల ఏళ్ళ కిందట
ఓ ఉప్పుమడుగులో
ఒడ్డుకి మరీ దూరం పోకుండా బతికి, చచ్చి,
బురదలో పక్కకి తిరిగి పడుకుంది.
మహాసముద్రం ఈదే సత్తువ దానికి లేదు.
అట్లాంటిక్ సంగతే తెలియదు.
తెలిసే వీలూ లేదు, అట్లాంటిక్ అప్పటికి పుట్టనే లేదు.

మరి లూకాస్ స్వార్ట్‌బోయ్ గొర్రెలదొడ్డి గోడలో
అదే జంతువు ఏం చేస్తోంది?

అది నమీబియా. కీట్‌మన్స్‌హూప్ దాటి
ఇంకా ఎండలోకి పోవాలి.
నీడని మూరల్లెక్కన అమ్మినా కొనుక్కునే చోటు.
లూకాస్ తాత పేర్చిన గోడ అది,
సున్నం లేదు, అడుసు లేదు,
బరువే దాని జిగురు.
కింది వరసలో ఓ పలక:
దువ్వెన, సూదులు, తెడ్డు.
చిన్నప్పుడు అడిగితే తాత అన్నాడట,
"వాన మరిచిపోయిన బల్లిరా అది."

ఇక్కడ నాకో దురాశ పుట్టింది.
తల ఇటు, తోక అటు, ఒకే ఒళ్ళు రెండు ముక్కలై
మధ్యలోకి సముద్రం దూరిందని రాద్దామనుకున్నాను.
కుదరదు. రెండూ వేరే వేరే ఒళ్ళు.
మడుగు మాత్రం ఒకటే.
విరిగింది బల్లి కాదు, దాని ఊరు.

విరగడానికి ముందు నేల కాగింది.
నిప్పు పొంగి పారి, చల్లారి, నల్లరాయై
అటు పరానాలోనూ ఇటు ఈ ఎడారిలోనూ
పరుచుకుంది, ఒకే పెనం మీది అట్టులాగ.
ఆ తర్వాతంతా నెమ్మదే.
కొలవడానికి చేతులు చాలు:
ఏడాదికి రెండు వేళ్ళ వెడల్పు.
జురేమా గనిలో చేరి ఇరవై మూడేళ్ళు,
ఆమె ఉద్యోగమంతా కలిపినా రెండు మూరలు నిండలేదు.
లూకాస్ పుట్టి డెబ్భై ఒక్క ఏళ్ళు,
బారన్నరకి కాస్త తక్కువ.
అంత దూరం జరిగింది అతని గోడ ఆమె గని నుంచి
ఒక్క రాయీ జారకుండా.

ఆగిన ఆ ఒక్క బుధవారం సరే.
మిగతా రోజుల్లో ఎన్ని దువ్వెనలు
పిండై పోయాయో జురేమా లెక్కేసుకోదు.
ఆ పిండి చెరకుతోటల్లో చల్లుతారు,
పులిసిన నేల మళ్ళీ మాట వినడానికి.
వాల్డెసిర్ కాఫీలో
పంచదార మూడు చెంచాలు.
పలక ఇప్పుడు జురేమా వంటింటి కిటికీలో ఉంది,
గాలికి తలుపు కొట్టుకోకుండా.

లూకాస్ గొర్రెలకి ఇవేమీ పట్టవు.
కింది వరస పలక దగ్గర మాత్రం
ఎప్పుడూ ఒకటి నిలబడి ఉంటుంది, నాలుక చాపి.
అంగడి నుంచి ఉప్పుదిమ్మ కొనితెచ్చి పెట్టినా
దాని పక్కనుంచే నడిచివెళ్ళి
ఈ గోడనే నాకుతుంది.
అక్కడ రాయి అద్దంలా నున్నబడింది.
ఎముకలు కొన్ని అరిగి కనబడకుండా పోయాయి.

పొద్దు వాలాక లూకాస్ కర్ర ఎత్తుతాడు
అదిలించడానికి, దించేస్తాడు.
మోకాళ్ళ మీద కూర్చుని
లెక్కపెడతాడు ఇంకెన్ని మిగిలాయో.
గొర్రెల్ని కాదు.