మినిట్స్ పుస్తకంల రాయనివి

బర్కత్‌పురాల, జిరాక్స్ షాపు మీది అంతస్తు.
పద్నాలుగు కుర్చీలు, పదిహేను మందిమి.
ఆఫీసు కార్యదర్శిని గనుక నేను
మిగిలిపోయిన కరపత్రాల కట్ట మీద కూసున్న.
ఫలితాలొచ్చి మూడు రాత్రులు.
మాకు ఐదు సీట్లు. వాళ్ళకు నాలుగు తక్కువ.

ఈ లెక్క మూడో తరగతి పిల్లగాడు చేస్తడు.
మేం మాత్రం పొద్దుగూకినప్పటి సంది
వేళ్ళు మడుస్తున్నం, తెరుస్తున్నం.

కింద ముసురుల బొగ్గులు విసురుకుంట
బాలనర్సమ్మ కంకులు కాలుస్తున్నది.
మేం కంకి అంటం.
విజయనగరం నుంచొచ్చి ముప్పై ఏండ్లయినా
వరహాలరావు గారు పొత్తు అంటరు.
"పొత్తులు తెప్పించండమ్మా, ఆకలేస్తోంది" అన్నరు.
ఎవరూ నవ్వలే.
ఒకాయన నవ్వబోయి దగ్గిండు.

ఇస్తమన్నది ఒక్క శాఖ:
ముద్రణ, స్టేషనరీ.
"రాజపత్రం మన చేతుల మీదుగనే అచ్చయితది!"
"అచ్చయితది. రాసేది మనమా?"
అన్నది సక్కుబాయి, కంకి వలుసుకుంట.

బయటి నుంచి మద్దతిద్దామన్నరు కొందరు.
గడప మీద కూసోవద్దని
మా అవ్వ ఎందుకు తిట్టేదో
అప్పుడు సమజైంది నాకు.
లోపటోళ్ళకు అడ్డం, బయటోళ్ళకు అడ్డం,
వానజల్లు మాత్రం ఈపు మీద.

విద్యాసాగర్ సారు నిలబడి మాట్లాడిండు.
వాళ్ళ పక్కన నిలబడ్డ ఫొటో ఒక్కటి చాలు,
ఇరవై ఏండ్ల మన మాటలన్నీ అబద్ధమైతయన్నడు.
నిజమే. ఒక్క అక్షరం కొట్టేసేటట్టు లేదు.
సారు ఇంటికి మంజీర నీళ్ళు దినాం వస్తయి.
మా అడ్డగుట్టల నాలుగొద్దులకొకసారి,
అదీ రాత్రి రెండింటికి.
ఈ మాట నేను మినిట్స్‌ల రాయలే.
కుళ్ళనుకుంటరు.
కొంచెం కుళ్ళే.

ఆఖరికి జహంగీర్ భాయ్ లేచిండు.
గుడిసెలు కూల్చిన పొద్దు
వాళ్ళ కార్పొరేటర్ మనుషులు విరగ్గొట్టిన చెయ్యి.
లోపల స్టీలు రాడ్. ముసురుకు గుంజుతది.
ఆయన వద్దంటడనుకున్నం.
ఆయన వద్దంటే
మాకందరికీ సులువయితుండె.

"పోదాం" అన్నడు.
"నా కేసు కాయితం ఏడేండ్ల సంది
ఏ బల్ల కింద పడున్నదో, ఆ బల్ల కాడ కూసుందాం.
వాళ్ళు మారిండ్రని కాదు.
మళ్ళ కొట్టే ముందు
ఒక్కసారన్న మన మొకం చూడాలె గద."

ఏడు చేతులు లేచినయి.
ఏడు లేవలే.
అందరు నా దిక్కు చూసిండ్రు.
పదకొండేండ్లు వీళ్ళ మాటలు రాసిన.
నా మాటకు పుస్తకంల
ఒక గీత జాగ ఇడిసినట్టు గుర్తు లేదు.

చెయ్యెత్తిన.
ధైర్యం కాదు. నమ్మకం గూడ అంత కాదు.
నల్లా వచ్చే యాళ్ళయిందని యాదికొచ్చింది.

విద్యాసాగర్ సారు చెప్పులేసుకొని
మెట్లు దిగి పోయిండు.
కొట్లాడలే. లైటు ఆర్పడం మర్చిపోవద్దన్నడు, అంతే.
ఆయన సగం తిన్న కంకి బల్ల మీద.
పారెయ్య మనసొప్పలే. అక్కడే ఉంచి తాళమేసిన.

ప్రమాణ స్వీకారం పొద్దు
రాజ్‌భవన్ గేటు కాడ
లిస్టు పట్టుకున్న కానిస్టేబులు
తలెత్తకుండనే అడిగిండు:
"ఎవరి తాలూకు?"

మొన్నటి దాక ఆ జవాబు
నోట్లెనే ఉంటుండె మాకు.
ఐదుగురు ఎమ్మెల్యేలు
ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు.
ఎనక కార్లు హారన్ కొడుతున్నయి.
జహంగీర్ భాయ్
రాడున్న చెయ్యి కొద్దిగ పైకి లేపి
జర ఆగమన్నడు.