పాడుబావిలో స్పీకరు

ఆల్బం పేరు అడక్కండి, అట్ట మీద అచ్చేయించలేదు.
ఆరు ముక్కలు. ఆఖరిది పంతొమ్మిది నిమిషాలు,
అందులో పదకొండో నిమిషం దాకా
డ్రమ్ము మీద పుల్ల పడదు.

నెల్లిమర్లలో, జూట్ మిల్లు గోడ వెనక,
మా మైక్‌సెట్ల గొడౌన్లో రికార్డు చేసేం.
మూఢం గనక బాక్సులన్నీ ఖాళీ.
గిటారు పారినాయుడు, గరివిడి ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ.
కీబోర్డు సుగుణ, విజయనగరంలో ఆరేళ్ళు వయొలిన్ నేర్చి
పరీక్షకి మూడ్రోజుల ముందు మానేసిన మనిషి.
నాబులు తిప్పేది నేను.

"అంతరిక్షంలా ఉండాల" అన్నాడు పారినాయుడు మొదటి రాత్రి.
మాలో ఎవరు చూసేరు గనక?
తలెత్తితే మిల్లు పొగగొట్టం, దాని నెత్తిన
ఎవరూ ఆర్పడం మర్చిపోయిన ఒక ఎర్ర బల్బు.
చూడక్కర్లేదు, ఎప్పుడో వినే ఉంటాం, అంది సుగుణ.

హుద్‌హుద్ రాత్రి విన్నాను నేను.
కరెంటు పోయేక మా నాన్న ట్రాన్సిస్టర్లో
స్టేషన్లన్నీ కొట్టుకుపోయి మిగిలిన బుస,
దాని అడుగున ఏ దేశందో ఒక ఆడగొంతు
అంకెలు చదువుతోంది, తాపీగా.
రెండో ముక్క మొదట్లో వీచే గాలి అదే.

పైవాళ్ళ రికార్డులు వినలేదని కాదు.
సోంపేట బావ, ఓడ మీద ఫిట్టరు,
ఒక హార్డ్‌డిస్కూ మూత పగిలిన డిలే పెడలూ తెచ్చిచ్చేడు.
లండన్ కుర్రాళ్ళు, జర్మనీ కుర్రాళ్ళు,
మేం పుట్టకముందే చుక్కల దాకా పోయి
జుట్టు పెంచుకుని తిరిగొచ్చినవాళ్ళు.
వాళ్ళ దగ్గర నేర్చింది ఒక్కటే:
తొందరేం లేదు.

ఎకో చాల్లేదు.
గొడౌను వెనక పాడుబావిలోకి
పన్నెండంగుళాల స్పీకర్ని కొబ్బరితాడుతో దించేం.
పైన మైకు. లోపల పావురాలు.
నాలుగో ముక్కలో రెక్కల చప్పుడు
ఎఫెక్టు కాదు.

తర్వాత అసిరయ్య తాత వచ్చేడు, జముకు చంకనెట్టుకుని.
కథ చెప్పమని పిలిచేవాళ్ళు లేక
దాన్ని అటక మీంచి దించి ఏళ్ళయింది.
తీగ బిగించేడు. వదిలేడు.
స్వరం నిలబడదు, జారుతుంది, పాకుతుంది,
మీటిన చోట ఉండదు.
పారినాయుడు పెడల్ మీంచి కాలు తీసేసేడు.
నెలరోజులుగా వైర్లు మార్చి మార్చి వెతికిన వంపు
మేక నరంలో ఉంది.

హెడ్‌ఫోన్లు పెట్టి పంతొమ్మిది నిమిషాలూ వినిపించేం.
"బాగున్నాది గానొరే, కతేదిరా ఇందల?"
కథ లేదు తాతా.
"మరెవులు సచ్చిపోనారని ఇంతసేపు?"
ముగ్గురం బావి వైపు చూసేం.

మొదటి ముక్క సంగతి చెప్పలేదు కదూ.
పారినాయుడి తల్లి ఇరవయ్యేళ్ళు మిల్లులో చేసింది,
వందల మగ్గాలు ఒక్క లయలో మొదలై
ఒకదాన్నొకటి తప్పుకుంటూ పోయే మోత మధ్య.
ఇంటికొచ్చినా "కూడు తిన్నావేట్రా" అరుపే.
లాకౌటయ్యేక మగ్గాలాగేయి, చెవుల్లో ఆగలేదు.
ఎలాగుంటాదమ్మా అది, అని అడిగితే
కళ్ళు మూసుకుని ముక్కుతో పలికింది.
సుగుణ దాన్ని కీబోర్డు మీద వెతికింది:
రెండు మెట్ల మధ్య ఇరుక్కుని ఉంది.
వీలు తిప్పి తిప్పి పట్టుకుంది తెల్లారగట్ల.
ఆల్బం అడుగున మొదట్నుంచి చివరిదాకా పరిచేం దాన్ని,
మొదటి ముక్క నిండా అదొక్కటే.

పూర్తయిన రోజు ఆవిణ్ణి కుర్చీలో కూచోబెట్టేం.
నాలుగు బాక్సులు. ఫుల్ సౌండు.
కిటికీ ఊచలు వణుకుతున్నాయి,
గోడ మీద బల్లి పరిగెత్తింది.
ఆవిడ చీరకొంగుతో మోకాళ్ళు కప్పుకుని
మా మొహాలు చూసింది, బాక్సులు చూసింది.
"మొదలెట్టండ్రా మరి" అంది.

అప్పటికి ఆరు నిమిషాలైంది.