క్యాసెట్ రెండో వైపు

మా ఖోరెడియా అత్త కూతురికి పేరు పెట్టిన రోజు
రికార్డు చేసిన క్యాసెట్ మీదే
వాళ్ల మొదటి పాట ఎక్కింది.
కొత్తది కొనడానికి నలుగురి జేబులూ దులిపినా చాలలేదు.
నేనే ఇచ్చాను, దొంగతనంగా. అప్పుడు పన్నెండేళ్లు నాకు.
పైనున్న రెండు కన్నాల్లో నమిలిన కాగితం కుక్కితే
పాత శబ్దం మీద కొత్త శబ్దం కూర్చుంటుందని
పికీన్ మొత్తంలో నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని.

ఆ ఏడు వాన తగ్గింది గాని నీళ్లు తగ్గలేదు.
మంచం కోళ్ల కింద ఇటుకలు, ఇటుకల సందుల్లో కప్పలు.
ఫోటో కోసం మేయరు పడవలో వచ్చాడు.
ఎప్పుడు తోడిస్తారయ్యా అంటే
నీళ్లు నమిలాడు.
"ఇవన్నీ నమిలేసినా బాగుండు, వీధి ఆరేది"
అన్నాడు బిరామ్.
అదే మొదటి పంక్తి.

మా వీధిలో ఏడో నంబరు స్తంభానికి తీగ లేదు.
దాని కింద నిలబడేవాళ్లు కాబట్టి వాళ్లకా పేరు.
బిరామ్. దర్జీ సిరె.
చేపల లారీ క్లీనరు మాపాతె, వాడు రాకముందే వాసన వచ్చేది.
ఇంకా అర్ఫాంగ్.
నోట్లో నాలుక లేనివాడని వాళ్లమ్మే అనేది,
ఆ నాలుక తిరగడం మొదలెడితే మాత్రం
వోలోఫ్ భాష ఆయాసపడి అరుగు మీద కూలబడేది.
పగలంతా నీళ్లు తోడిన బకెట్టు
రాత్రి బోర్లిస్తే డోలు.

బస్సు డ్రైవర్లు పాటను ఊరంతా తిప్పారు.
పోలీసు ఆపినచోట ఒకడు వాల్యూమ్ తగ్గించేవాడు,
ఇంకొకడు పెంచేవాడు.
పెంచినవాడి బస్సు కోసం జనం ఎండలో ఆగేవాళ్లు.

మూడో చరణం రాసిన రాత్రే వచ్చి పట్టుకుపోయారు.
పదహారు రోజులకు బిరామ్ తిరిగొచ్చాడు,
ఎడమ కాలు ఈడ్చుకుంటూ.
"చరణానికి చరణం చెల్లు" అన్నాడు.
ఎవరం నవ్వలేదు.
సిరె మాత్రం అతని ప్యాంటు ఎడమ కాలు విప్పి
కట్టు పట్టేలా వెడల్పుగా కుట్టిచ్చాడు.

అర్ఫాంగ్‌ని జ్వరం తీసుకుపోయింది.
ఆ ఏడే స్తంభానికి దీపం వచ్చింది.
మాపాతెకు ఇప్పుడు మంత్రిగారి ఆఫీసులో చల్లటి గది.
మా వీధి నీళ్ల సంగతి అడిగితే ఏమంటాడో
నేను చెప్పను, వాడు మావాడు.
ఎన్నికల వ్యానులో వాళ్ల పాటే వేస్తున్నారు,
మొదటి పంక్తి కోసేసి.

మొన్న రేడియో నుంచి ఒక కుర్రాడు వచ్చాడు.
చేతికి తెల్ల గ్లవ్స్, క్యాసెట్టుకి జబ్బేదో చేసినట్టు.
"రొద తీసి శుభ్రం చేస్తానక్కా" అన్నాడు.
పాట అయిపోయాక పదకొండు సెకన్లు మిగులుతుంది.
అందులో అత్త నవ్వు,
ఉల్లిపాయలు మాడుతున్నాయని ఎవరిదో కేక,
మేక ఒకటి.
అతని లెక్కలో రొద అదే.
క్యాసెట్ తీసి కొంగులో చుట్టుకున్నాను.

ఆ పసిది యాందె, ఇరవై ఏడు నిండాయి.
ఇమామ్ తన చెవిలో చెప్పిన పేరు
రెండో చరణం కింద ఎక్కడో ఉందని తెలుసు దానికి.
ఒకసారి స్పీకరుకి చెవి ఆనించి వెతికింది.
బిరామ్ అరుపు తప్ప ఏమీ దొరకలేదు.
"నా పేరు తొక్కేసి పాడారు" అంది,
కోపమో గర్వమో తేల్చకుండా.
పాట కూడా దానికంత నచ్చదు, దరువు మరీ నెమ్మదట.

వానాకాలం నీళ్లు తోడే పంపు దగ్గర పని దానిది.
నిన్న రాత్రి రెండింటికి టీ పట్టుకెళ్లాను.
మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి
మొరాయించిన ఇంజన్ని రెంచితో కొడుతూ
తిట్టుకుంటోంది:
ఇవన్నీ నమిలేసినా బాగుండు, వీధి ఎండేది.

ఆరేది, అని సరిదిద్దబోయి
ఊరుకున్నాను.
ఇంజన్ అందుకుంది.