చేతులు ఖాళీ కావాలె

జిన్నింగు మిల్లుల మోతకు తల నొయ్యని మనిషి
జానయ్య ఒక్కడే.
మిగిలినోళ్లు చెవులల్ల దూది ఉండలు పెట్టుకొని పనిజేస్తరు.
ఆయనకు పుట్టిన కాడికెళ్లే
చెవుల దూది.

నార్కట్‌పల్లి దగ్గర మిల్లు, దేవరకొండ అవతల నేను.
ఫోను జేస్తే ఎత్తుతడు. ఎత్తి ఏం జేస్తడు?
రాసి పంపుదామంటే ఆయనను బడికే తోలలేదు.
"వీడియో తీసి పంపు వదినా" అన్నది పారిజాత
మిరపకాయ తొడిమె తుంచినంత అల్కగ.

వీడియో అంటే ఒక చెయ్యి ఫోనుకే పాయె.
ఉన్న ఒక్క చేత్తోటి మాట్లాడితే
నత్తి నత్తిగుంటది మా భాష.

జొన్నల డబ్బాకు ఆనించిన, జారింది.
చెంబుకు ఆనించిన, ఒరిగింది.
ఏండ్లసంది ఎవ్వరు తిప్పని ఇసుర్రాయి
దాని కట్టె గూటానికి ఆనిస్తే నిలవడ్డది.

ఎర్రచుక్క వెలిగింది.
రేషన్ కార్డు ఫొటోకు నిలవడ్డట్టు నిలవడ్డ.
ఏడు, ఎనిమిది, తొమ్మిది, అంకెలు ఉరుకుతున్నయి.
చెప్పేది ఇంతే:
బర్రె ఈనింది. ఆడ దుడ్డె.
కొమ్ములు చూపాల్సిన చేతులు
పక్కటెముకలకు అతుక్కపోయినయి.

పెండ్లయిన కొత్తల, సంతల,
పుంటికూర కట్ట ధర ఆయనకు చేతులతోటి చెప్తుంటే
కూరగాయలామె పక్కామెను గెలికి నవ్వింది.
అప్పటిసంది మా మాటలు
కొంగు చాటున గుసగుసలే.
బయట తిరిగే చేతులు ఇవి కావు నాకు.

పదకొండు తీసిన, పదకొండు తుడిపిన.
ఒకదాంట్ల కొంగు సదురుకునుడే సరిపాయె.
ఒకదాంట్ల నన్ను నేను జూసుకుంట చెప్పేది మర్సిపోయిన.
ఒకదాంట్ల కోడి వచ్చి
నాకంటె ధైర్నంగ నిలవడ్డది.

పన్నెండోది వేలు తగిలి పోయింది.
వాపసు గుంజుకునుడు నాకు తెల్వదు.
దాంట్ల నిండ నా మొఖమే,
చేతులు కింద ఎక్కడనో, అంచుకవతల.

అర్ధరాత్రి షిఫ్టు దిగి జవాబిచ్చిండు.
నెత్తి మీద దూది, కనుబొమ్మల మీద దూది,
ఒక్క నెలల ముసలోడైనట్టున్నడు.
రెండు అరచేతులు నా దిక్కు నెట్టిండు: వెనుకకు జరుగు.
ఇంకా జరుగు.
ఆ తర్వాత వేలుతోటి
తన ఎడమ కనుబొమ్మ మీద ఏటవాలుగ గీత గీసిండు.

అది నా పేరు.
చిన్నప్పుడు కొడవలి తాకిన మచ్చ.
ఆధార్ల లేదు, ఓటరు లిస్టుల లేదు,
ఆ పేరుతోటి పిలిచేటోడు ఆయనొక్కడే.

ఇసుర్రాయి నుంచి నాలుగడుగులు కొలిచి
బొగ్గుతోటి నేల మీద గీత గీసిన.
ఇప్పుడు ఎన్ని తీసిన్నో లెక్కలేదు.
దుడ్డె గంతులేసిన తీరు,
అత్త కోపం (ముక్కు మీద మిరపకాయ),
కరెంటోడు వచ్చి పోయిన సంగతి.

మొన్న కొట్లాడిన గూడ.
కూలి పైసలు ఏమాయెనని
ఎంత జోరుగ అడిగిన్నంటే
గాజొకటి చిట్లి కెమెరా మీద పడ్డది.
మొఖం ఎట్లున్నదో చూసుకోలే, తుడుపలే, పంపిన.
రెండు దినాలు ఆయన చేతులు ఉలుకలే పలుకలే.
మూడో దినం నోట్లు ఒక్కొక్కటి లెక్కవెట్టి చూపి
కనుబొమ్మ మీద గీత గీసిండు, మెల్లగ.

నిన్న బేస్తారం సంత.
టమాటలు ఏరుతుంటే ఫోను అదిరింది:
దుడ్డెకు పేరేం పెట్టినవ్?
ఆనించుదామంటే ఇసుర్రాయి లేదు.
ఎదురుంగ అదే కూరగాయలామె,
పండ్లు ఊడినయి, నన్ను మర్సిపోయినట్టుంది.

"అమ్మా, జర పట్టుకో" అని ఫోను చేతిల పెట్టిన.
సంచి కింద పెట్టిన, కొంగు బొడ్ల దోపిన.
ఆమె ఫోనును నా ముక్కు కాడికి తెచ్చింది.

"గంత దగ్గరికి గాదు తల్లీ,
ఇంకో రెండడుగులు వెనుకకు వో.
నా చేతులు రావాలె."